భుజం మీద వేసుకున్నాక బొమ్మ ఎక్కడ పడుతుంది?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. విజయవాడలో ఒక ప్రకటనల సంస్థలో గ్రాఫిక్ డిజైనర్‌గా పనిచేస్తున్నాను. చిన్నప్పటి నుంచి బొమ్మలు వేసే అలవాటు ఉంది. రెండేళ్లుగా స్టోళ్ల మీద, చున్నీల మీద చేత్తో బొమ్మలు వేసి తెలిసినవాళ్లకు అమ్ముతున్నాను. చెక్క మీద రంగులు వేసి బ్రోచ్‌లు, చెవిపోగులు కూడా చేశాను. ఆరు నెలలుగా ఒక్క కొత్త బొమ్మ కూడా రావడం లేదు. స్ఫూర్తి కోసమని ఫోనులో నాలుగు వేలకు పైగా బొమ్మలు దాచుకున్నాను. రోజూ రాత్రి వాటిని చూస్తూనే నిద్రపోతాను. తీరా కాగితం ముందు కూర్చుంటే, ఏది గీసినా ఎవరో ఇదివరకే గీసినట్టు ఉంటుంది. పోనీ కలంకారీ నుంచి తీసుకుందామంటే అది దొంగతనమేమో అని భయం. సంక్రాంతి ముందు జరిగే ఒక ప్రదర్శనలో బల్ల తీసుకొమ్మని స్నేహితురాలు పిలుస్తోంది. పెట్టడానికి నా దగ్గర కొత్తగా ఏమీ లేదు. ఒప్పుకోమంటారా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఉత్తరంతో పాటు మీరు పంపిన మూడు ఫొటోలను చాలాసేపు చూశానమ్మా. నీలం స్టోల్ మీద మల్లెతీగ, పసుపు చున్నీ మీద చిలకల జంట, చెక్క మీద తామరపూల బ్రోచ్‌లు. మీ చేయి బాగుంది. గీత ఎక్కడా వణకలేదు, రంగు గీత దాటి పొంగలేదు. అయితే మూడు ఫొటోల్లోనూ ఒక సంగతి నా కంటికి తగిలింది. స్టోల్ బల్ల మీద పరిచి ఉంది. చున్నీ గోడకు అంటించి ఉంది. బ్రోచ్‌లు తెల్లకాగితం మీద వరుసగా పేర్చి ఉన్నాయి. ఒక్కటి కూడా మనిషి ఒంటి మీద లేదు. మీ ఇబ్బందికి మొదలు అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది.

ఫోనులో మీరు దాచుకున్న నాలుగు వేల బొమ్మలదీ ఇదే పరిస్థితి. అన్నీ ఒకే అద్దం మీద, ఒకే అరచేతి వెడల్పులో, ఒకే వెలుగులో కనిపిస్తాయి. ఆ బొమ్మ గోడంత ఉందో గోరంత ఉందో తెలియదు. నూలు మీద వేశారో తోలు మీద వేశారో వేలికి తగలదు. వేసేటప్పుడు ఎక్కడ చెడింది, చెడిన చోట ఏం చేశారు, ఏ రంగు దొరక్క ఏ రంగుతో సరిపెట్టుకున్నారు అన్నవి అక్కడ అసలే ఉండవు. మీరు రోజూ రాత్రి చూస్తున్నది వడ్డించిన విస్తరి. విస్తరిని ఎంతసేపు చూసినా వంట రాదు కదా! కాగితం ముందు కూర్చున్నప్పుడు మీ చేతికి గుర్తొచ్చేవి ఆ విస్తర్లే. అందుకే గీసినదల్లా ఎవరిదో అనిపిస్తోంది. మీలో ఊట ఎండిపోలేదు. పని జరిగే చోటికి మీ చూపు ఇంకా చేరలేదు.

నాకు ఈ సంగతి తెలిసిన రోజు ఇప్పటికీ గుర్తుంది. పత్రికలకు బొమ్మలు వేస్తున్న రోజుల్లో, మా బంధువుల అమ్మాయి పెళ్లికి పట్టుచీర మీద పురివిప్పిన నెమలిని వేసి ఇచ్చాను. నాలుగు రోజులు కూర్చుని, నేల మీద పరిచి వేసిన నెమలి. పెళ్లిరోజు ఆ అమ్మాయి చీర కట్టుకుని వచ్చింది. నెమలి తల కుచ్చిళ్ల లోపలికి పోయింది. మెడ నడుము దగ్గర విరిగింది. పురిలో ఒక ముక్క మోకాలి పక్కన పచ్చగా మిగిలింది. ఆ అమ్మాయి నొచ్చుకోలేదు గాని నా కడుపులో దేవినట్టయింది. ఆ రాత్రి ఇంటికి వచ్చి మా అమ్మ పెట్టెలోని చీరలన్నీ బయటికి తీశాను. ఒక్కొక్కటే భుజం మీద వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. నేను ఏ బడిలోనూ నేర్చుకోనిది ఆ రాత్రి ఆ చీరలు నేర్పాయి.

మీరు గ్రాఫిక్ డిజైనర్ కాబట్టి మీకు ఇంకా తొందరగా అర్థమవుతుంది. చీర ఒక పేజీ. నేతగాడు దాన్ని పరిచి చూసే కంటి కోసం అమర్చడు, కట్టుకున్న ఒంటి కోసం అమరుస్తాడు. మొదటి చుట్టులో లోపలికి పోయే భాగాన్ని చాలా చీరల్లో దాదాపు ఖాళీగా వదిలేస్తాడు. ఒళ్లంతా చిన్న చిన్న బుటాలు చల్లుతాడు. మడత ఎక్కడ పడినా ఏదో ఒక బుటా పూర్తిగా కనిపించాలి మరి. అంచు కాళ్ల దగ్గర బరువుగా నిలిచి చీరను కిందికి లాగి పట్టుకుంటుంది. చెప్పదలచుకున్న కథంతా కొంగులో ఉంటుంది. ఎందుకంటే మడతలు లేకుండా వీపు మీద వెడల్పుగా పరుచుకునేది అదొక్కటే. బస్సు కోసం వరుసలో నిలబడినప్పుడు వెనకనున్న మనిషి పది నిమిషాలు చదివే భాగం అది. పత్రికలో పతాక శీర్షికకు ఉండే చోటు చీరలో కొంగుది.

మీ మల్లెతీగను ఇలా చూడండి. స్టోల్ మధ్యలో నిలువుగా వేశారు. మెడ చుట్టూ వేసుకోగానే మధ్యభాగం మెడ వెనక నలిగిపోతుంది, కనిపించేవి రెండు చివర్లే. అక్కడ మీరు ఏమీ వేయలేదు. ఒక పని చేయండి. స్టోల్ కొలతకు పల్చటి కాగితం కత్తిరించి భుజం మీద వేసుకోండి, పిన్నులతో నిలపండి. అద్దంలో కనిపించే మేరకు పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఆ తరువాత నడవండి, వంగండి, కూర్చోండి, ఫోను మాట్లాడుతున్నట్టు తల వంచండి. ప్రతిసారీ గుర్తులు మారతాయి. కిందికి దించి పరిస్తే ఆ కాగితం మీద ఒక వింత ఆకారం మిగులుతుంది. అక్కడక్కడా ద్వీపాలు, మధ్య మధ్య ఎవరికీ కనిపించని ఖాళీలు. బొమ్మ వేయాల్సింది ఆ ద్వీపాల మీద. ఖాళీ కాగితం ముందు కూర్చుంటే రాని ఆలోచన, ఆ ఆకారం ముందు కూర్చుంటే వస్తుంది. ఎవరికీ కనిపించని చోట, వేసుకున్న మనిషికి మాత్రమే తెలిసేలా ఒక చిన్న పిట్టను దాచవచ్చునని నా విద్యార్థిని ఒకామెకు తట్టింది. ఆమె స్టోళ్లన్నింటికీ ఇప్పుడు అదే గుర్తు.

ఇక కలంకారీ. ఈ ప్రశ్న అడిగినందుకు మీ మీద గౌరవం పెరిగింది. చాలామంది అడగకుండానే తీసేసుకుంటారు.

ముందు మీరు పెడన వెళ్లండి. మచిలీపట్నం పక్కనే కాబట్టి పొద్దున బయలుదేరితే రాత్రికి ఇంటికి వచ్చేయవచ్చు. అక్కడ చూడాల్సినవి దుకాణాల్లోని దుప్పట్లు కావు, అద్దకం జరిగే పాకలు. టేకు చెక్క మీద చెక్కిన అచ్చులు గోడ పొడవునా పేర్చి ఉంటాయి. ఒక్క పువ్వుకు ఒక్క అచ్చు సరిపోదు. గీతకు ఒకటి, లోపలి నింపుకు మరొకటి, నేపథ్యానికి ఇంకొకటి, ఇలా రంగు రంగుకూ వేరు. అద్దేవాడి దగ్గర కొలబద్ద ఉండదు. అచ్చు మూలను ముందటి అచ్చు మూలకు కంటితోనే కలిపి, చేతి వెనకభాగంతో ఒక్క దెబ్బ వేస్తాడు. అక్కడక్కడా వెంట్రుక వాసి తేడా వస్తుంది. ఆ తేడా వల్లనే గుడ్డ ఊపిరి తీస్తున్నట్టు కనిపిస్తుంది. కంప్యూటర్‌లో మీరు అన్నీ సరిగ్గా కూర్చినప్పుడు పోయేది అదే. ఆ సందు ఎంత వెడల్పు ఉందో దగ్గరగా చూసి మీ నోటుపుస్తకంలో గీసుకోండి.

వీలైతే శ్రీకాళహస్తి కూడా వెళ్లండి, అక్కడ రెండు రోజులు ఉండేలా చూసుకోండి. పెడనది అచ్చు, కాళహస్తిది కలం. కోరా గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండబెడతారు. చింతబరికెల బొగ్గుతో పల్చగా బొమ్మ వేసుకుంటారు. నల్లరంగు తయారీ చూడండి. ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. దాన్ని కసిమి అంటారు. కుండలో అది అంత నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే ఇనుము, వగరు కలిసి నల్లబడుతుంది. కలం అంటే మొన చెక్కిన వెదురుపుల్ల. దానికి ఉన్నిగాని గుడ్డగాని చుట్టి దారంతో కడతారు. వేళ్లతో ఆ ఉండను నొక్కిన కొద్దీ రంగు మొనకు దిగుతుంది. గుడ్డలోని పాల జిడ్డు రంగును పక్కకు పాకనివ్వదు.

ఎరుపు దగ్గరికి వచ్చేసరికి నేను నిలబడిపోయాను. ఎర్రగా ఉండాల్సిన చోట చిత్రకారుడు ఎరుపు వేయడు, పటిక నీళ్లు పూస్తాడు. పటికకు రంగు లేదు. తడి ఆరితే తను ఎక్కడ పూశాడో కూడా సరిగ్గా కనిపించదు. ఆ తరువాత ఎర్రరంగునిచ్చే మొక్కల వేళ్లు, చెక్కలు వేసి మరిగించిన నీళ్లలో గుడ్డను ఉడకబెడితే, పటిక పట్టిన చోటల్లా ఎరుపు అంటుకుంటుంది. పారే నీళ్లలో జాడిస్తే మిగతాది వదిలిపోతుంది. అంటే ఆ మనిషి కంటికి కనిపించని రంగుతో బొమ్మ వేసి, అది రేపు ఎలా వస్తుందో మనసులో చూసుకుంటూ చేయి కదుపుతాడు. ఆ పని దగ్గర ఒక పూట కూర్చుంటే, కలంకారీ నెమలిని మీ చున్నీ మీదికి దింపుకోవాలన్న కోరిక మీకు ఉండదు. దానికి బదులు ఇంకో ప్రశ్న పుడుతుంది: నేను వాడే రంగులతో, ముందు కనిపించకుండా తరువాత కనిపించే బొమ్మ ఏదైనా చేయగలనా? గుడ్డ మీద మైనంతో గీసి రంగులో ముంచవచ్చు. ఎండ తగిలితే రంగు తేలే పద్ధతులూ ఉన్నాయి. అటువైపు మీరు వేసే అడుగు మీదే అవుతుంది.

దొంగతనం సంగతి సూటిగా చెప్తాను. ఒకరి నుంచి ఒకరు తీసుకోకుండా ఏ కళా పెరగలేదు. మచిలీపట్నం పనిలోని తీగలు, పూల కుండీలు పర్షియా వ్యాపారంతో, గోల్కొండ సుల్తానుల అభిరుచితో వచ్చినవి. కలంకారీ అన్న మాటే పర్షియన్ నుంచి వచ్చింది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు తమ దేశాల్లో అమ్ముడుపోయే నమూనాలు తెచ్చి ఇస్తే, మన తీరంలోని అద్దకంవాళ్లు వాటిని తమ చేతివాటంలోకి మార్చుకుని వేశారు. ఆ గుడ్డల మోజు యూరప్‌ను ఎంతగా పట్టుకుందంటే, అక్కడి నేతగాళ్ల బతుకు పోతోందని ఫ్రాన్స్ 1686లో అద్దకపు బట్టలను నిషేధించింది. 1759 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. ఇంగ్లండు కూడా 1721లో అలాంటి చట్టమే చేసింది. కాబట్టి పువ్వు ఎవరి సొత్తూ కాదు.

పేరు మాత్రం ఒకరి సొత్తే. యంత్రం మీద పాలియెస్టర్‌పై ముద్రించి, దానికి కలంకారీ అని పేరు పెట్టి అమ్మితే అది మోసం. నెలల తరబడి ఉడకబెట్టి, ఉతికి, ఎండబెట్టి చేసేవాళ్ల కంచంలో కూడు తీయడం. శ్రీకాళహస్తి కలంకారీకి, మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేర్లు ఆయా చోట్ల ఆ పద్ధతిలో చేసేవాళ్లవి. బతికి ఉన్న కళాకారుడు కూర్చిన బొమ్మను గీతకు గీత దింపుకోవడం కూడా తప్పే. నేను వాడే కొలత ఒకటి ఉంది. ఆ పని నేర్పిన మనిషి పక్కన నిలబడి చూస్తుండగా మీరు ఆ స్టోల్ మీద బొమ్మ వేయగలరా? మీ దగ్గర నుంచి ఇది తీసుకున్నాను, దీన్ని ఇలా మార్చాను అని ఆయనకు చెప్పగలరా? చెప్పగలిగితే వేయండి. గొంతు తడబడితే ఆపండి. పద్ధతి అసలుగా కావాలంటే, అసలు చేసేవాళ్లకే గుడ్డ ఇచ్చి, కూలి ఇచ్చి, వాళ్ల పేరు కూడా వేసి చేయించుకోండి. 2008లో పద్మశ్రీ అందుకున్న శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి వంటి వారు ఈ పనిని ఇన్నాళ్లూ నిలబెట్టి, నలుగురికీ నేర్పబట్టే ఈ రోజు మనం దీని గురించి మాట్లాడుకోగలుగుతున్నాం.

తేలియా రుమాళ్ల గురించి విన్నారా? చీరాల, పుట్టపాకల నేతపని, నలుచదరపు గుడ్డలు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగు అద్దుతారు. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. ఈ పద్ధతిలో వంపు తిరిగిన గీత రాదు, మెట్లు మెట్లుగా వస్తుంది. కంప్యూటర్‌లో బొమ్మను బాగా పెద్దది చేస్తే గళ్లు కనిపిస్తాయి కదా, అచ్చం అలా. పోయిన శతాబ్దపు పాత రుమాళ్లలో గడియారాలు, విమానాలు ఉన్నాయి. తలెత్తితే కొత్తగా కనిపించినదాన్ని నేతగాడు మెట్ల గీతలోకి దించేశాడు. ఆ మనిషి స్ఫూర్తి కోసం పాత పుస్తకాలు తిరగేశాడని నేను అనుకోను. ఇప్పుడు మీ కిటికీలోంచి ఏం కనిపిస్తుంది? ప్రకాశం బ్యారేజి తూముల వరుస, కాలువ గట్టున ఆరేసిన బట్టలు, ఫ్లైఓవర్ కింద నిద్రపోయే ఆటో. విజయవాడలో ఉండి కృష్ణానదిని ఒక్కసారైనా గుడ్డ మీద వేయలేదెందుకమ్మా? మీ బొమ్మల్లో తామర ఉంది, మల్లె ఉంది, చిలక ఉంది. ఆ మూడూ ఎవరింట్లోనైనా ఉంటాయి. మీ వీధి మీకొక్కరికే ఉంది.

బయటి దేశపు మాట ఒకటి చెప్తాను. ఉక్రెయిన్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన చిత్రకారిణి సోనియా డెలోనే, 1911లో తన పసిబిడ్డకు గుడ్డపేలికలు కుట్టి దుప్పటి చేసింది. రైతుల ఇళ్లలో చూసిన దుప్పట్లు ఆమెకు గుర్తున్నాయి. కుట్టాక చూస్తే రంగు పక్కన రంగు పడి ఒకదాన్నొకటి వెలిగిస్తున్నాయి. అక్కడి నుంచి ఆమె బొమ్మలూ మారాయి. 1913 నాటికి అవే రంగుముక్కలతో గౌను కుట్టుకుని తొడుక్కుంది. ఒంటి మీద వేసుకునే కళకు తొలి తొలి మెట్లలో ఆ గౌను ఒకటి. ఆ కథ చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ కుట్టిన బొంత గుర్తొచ్చింది. నాలుగు పాత చీరలు పొరలుగా వేసి, పక్కపక్కన ఏ ముక్క పడాలో ఆమె కళ్లు చికిలించి చూసేది. మీ ఇంట్లో బొంత ఉంటే ఈ రాత్రి ఫోను బదులు దాన్ని చూడండి. ఏ రెండు ముక్కలు పక్కపక్కన బాగున్నాయో కాగితం మీద అంటించుకోండి.

గుడ్డ ఒంటి మీద ఎలా జారుతుందో చూడటానికి మన చిత్రకారుల కంటే మంచి బడి లేదు. బాపు ఒక అమ్మాయి పైటను ఒక్క గీతలో ఎలా లాగారో చూడండి. ఆ గీత భుజం దగ్గర సన్నగా మొదలై, బరువు పడే చోట లావై, గాలి తగిలే చోట మళ్లీ సన్నబడుతుంది. వడ్డాది పాపయ్య గారి రంగుల్లో పల్చటి గుడ్డ కింద నుంచి ఒంటిరంగు తొంగిచూడటం చూడండి. తోట వైకుంఠం గారు తన తెలంగాణ పల్లె స్త్రీలకు చీర, అంచు, రవిక, బొట్టు ఎంత నిండుగా పెడతారో, రంగులు కలిపి పలుచన చేయకుండా ఎలా నిలబెడతారో చూడండి. వాళ్ల ముఖాలను మీరు దింపుకోవద్దు. ఒక వారం పాటు ఒక్క మడతలే గీయండి. లేపాక్షి వెళ్లగలిగితే ఇంకా మంచిది. వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దపు బొమ్మల్లో ఒక్కొక్క స్త్రీ చీర ఒక్కొక్క రకం. అడ్డచారలు, గళ్లు, పూలు. దేవుళ్లకు దండం పెట్టుకుని, ఆ చీరలను మాత్రమే గీసుకుని రండి. మెడ నొప్పి పుడుతుంది, ఓర్చుకోండి.

చెవిపోగులకు, బ్రోచ్‌లకు రెండు దారులు తోస్తున్నాయి. ఒకటి తోలుబొమ్మ. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఆ పని చేసేవాళ్లు నగను రంగుతో గీసి ఊరుకోరు, చిన్న చిన్న రంధ్రాలుగా తొలుస్తారు. తెర వెనక దీపం వెలిగితే ఆ రంధ్రాల్లోంచి వచ్చే వెలుగే నగ. మీ చెవిపోగు చెక్కకు కూడా వెనక వెలుగు ఉంటుంది. చెవి కింద గాలిలో ఊగే వస్తువు కదా! దాని మీద రంగు ఎంత వేయాలని ఆలోచించారు గాని ఎక్కడ తొలవాలని ఆలోచించలేదు.

రెండోది అక్షరం. ఉద్యోగంలో రోజంతా తెలుగు అక్షరాలు సర్దుతారు, ఇంటికి వచ్చి తామరపూలు వెతుక్కుంటారు. మన లిపికి ఆ గుండ్రదనం తాటాకు మీద గంటంతో రాయడం వల్ల అబ్బిందని అంటారు. తిన్నని గీత గీస్తే ఆకు చీలుతుందట. ణ, ఋ, ఞ లాంటి అక్షరాలను పేరు మరచి ఆకారంగా చూడండి. తలకట్టును ఒక్కదాన్ని విడదీసి చూస్తే ఎగరబోయే పిట్టలా ఉంటుంది. వట్రసుడి అచ్చం చెవికి వేలాడేటట్టే ఉంటుంది. ఇది మీ ఉద్యోగం మీకు ఉచితంగా ఇచ్చిన సొమ్ము.

స్టోల్ పొడుగు గురించి ఒక్క మాట. చేర్యాల పటం కూడా పొడవాటి గుడ్డే. కథ చెప్పేవాళ్లు దాన్ని విప్పుతూ పోతుంటే గడి తరువాత గడి తెరుచుకుంటుంది, ఎర్రటి నేపథ్యం అన్ని గడులనూ కలిపి పట్టుకుంటుంది. రెండు చివర్లు తప్ప ఏమీ కనిపించని స్టోల్‌లో, ఒక చివర కథ మొదలు, రెండో చివర దాని ముగింపు పెట్టి చూడండి. మధ్యలో ఏం జరిగిందని అడిగితే వేసుకున్నామె మెడ నుంచి తీసి చూపించాలి.

ఫోనులోని నాలుగు వేల బొమ్మలను తుడిచేయమని నేను చెప్పను. వాటిని ప్రేమతోనే దాచుకున్నారు. వాటిలోంచి పది ఎంచండి. ఒక్కొక్కదానికి ఒక్క వాక్యం రాయండి, ఇందులో నన్ను పట్టుకున్నది ఏమిటని. ‘బాగుంది’ అని రాయకూడదు. ‘ముదురు నీలం పక్కన మాసిన తెలుపు’ అనో, ‘ఆకుల మధ్య వదిలిన ఖాళీ ఆకుల ఆకారంలోనే ఉంది’ అనో రాయాలి. ఆ పది వాక్యాలు ఉంచుకుని బొమ్మలు మూసేయండి. ఇప్పుడు ప్రతి వాక్యాన్ని బొమ్మ కాని వస్తువులో వెతకండి. ముదురు నీలం పక్కన మాసిన తెలుపు మీకు రైతుబజారులో వంకాయల బుట్ట మీద కప్పిన తడిగుడ్డలో దొరకవచ్చు. ఆకుల మధ్య ఖాళీ తమలపాకుల కట్టలో దొరకవచ్చు. దొరికిన చోట నిలబడి గీయండి. ఫొటో తీసుకుని ఇంటికి వచ్చి గీయవద్దు. నిలబడి గీస్తే తొందరలో సగం వదిలేస్తారు. ఏది వదిలేశారన్న దాంట్లోనే మీ చేయి తెలుస్తుంది.

ప్రదర్శనకు ఒప్పుకోండి. బల్ల నిండా పెట్టాలన్న భయం వద్దు, ఆరు స్టోళ్లు చాలు. మొదటిది పూర్తి కాగానే అమ్మకానికి దాచకుండా వారం రోజులు మీరే వేసుకుని ఉద్యోగానికి వెళ్లండి. సిటీ బస్సులో, భోజనాల దగ్గర, వానలో వేసుకోండి. రంగు ఆరాక వెనకవైపు నుంచి ఇస్త్రీ చేసి, మూడుసార్లు చల్లటి నీళ్లలో జాడించి చూడండి. రంగు కారితే మిగతా ఐదింటికి రంగు మార్చండి. బ్రోచ్‌ను పల్చటి నూలు మీద పెట్టుకుని సాయంత్రం దాకా తిరగండి. బరువుకు గుడ్డ వేలాడితే చెక్క మందం తగ్గించండి, పిన్నును పైకి జరపండి. ఎవరు ఎక్కడ ఆగి చూశారో, ఏ వైపు నుంచి చూశారో రాసుకోండి.

బల్ల మీద స్టోళ్లు పరచవద్దు. ఒకటి మీ మెడలో, ఒకటి మీ స్నేహితురాలి మెడలో ఉండనివ్వండి. మిగతా నాలుగు కొయ్యకు వేలాడదీసి, పక్కన నిలువెత్తు అద్దం ఒకటి పెట్టండి. ఈసారి ఫొటోలు పంపేటప్పుడు వెనక నుంచి తీసినవి పంపండి.